పొత్తు, పంచ, బదనిక

మా అయ్యవారు పోయారని మొన్న మంగళవారం పొద్దున ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. “నిద్రలోనే పోయినాడమ్మా, ఎవురినీ ఇబ్బంది పెట్టలే” అన్నాడు. చావు సంగతి ఏమో గానీ, బతికుండగా ఆయన నన్ను పెట్టిన ఇబ్బంది అంతా ఇంతా కాదు. ఒక పాఠంతో నా కళ్లు తెరిపించారు. ఒక్క మాటతో నన్ను ఇంట్లో పెట్టి తలుపు వేయించారు. ఆ మాట మీద నేను చాలా ఏళ్లు కోపం పెట్టుకుని తిరిగాను. చదువు చెప్పిన మనిషి మీద కోపమేమిటని మీరు అడగవచ్చు. అది చెప్పడానికే కూర్చున్నాను.

1950 దాటిన తొలి ఏళ్లవి. ఎర్రగుంట్లకు ఆమడ దూరంలో ఒక నల్లరేగడి ఊరు మాది. మాది అనడం మాటవరసకే, అది మా మేనమామ ఊరు. నాకు ఊహ తెలియకముందే నాన్న పోతే, అమ్మ నన్ను చంకన వేసుకుని అన్న ఇంటికి వచ్చేసింది. పక్క ఊళ్లో నాన్నకున్న నాలుగెకరాల చేను కూడా మా వెంటే వచ్చి మామ సేద్యంలో కలిసిపోయింది. ఊళ్లో బడికి కట్టడం లేదు. మామ మిద్దె ముందున్న పంచలోనే బడి జరిగేది. కడప బండల నేల, నాలుగు కొయ్య స్తంభాలు, ఒక నల్లబల్ల, ఒక నులకమంచం. మంచం మామది. మేము ఎక్కాలు చదువుతుంటే ఆయన దాని మీద పడుకుని తాంబూలం నమిలేవాడు.

అయ్యవారు ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చారు. పాతికేళ్లు నిండని మనిషి, సన్నగా, నవ్వితే పళ్లు ముందుకొచ్చేవి. గడ్డివామి పక్కనున్న చిన్న గదిలో ఉండేవారు. రెండు పూటలా మా ఇంటి సంగటే. అమ్మ వడ్డిస్తుంటే మొదట “చాలమ్మా” అనేవారు, ఆ తర్వాత “ఇంకొంచెం” అనేవారు. ఎప్పుడూ ఆ వరసలోనే. అమ్మ నవ్వు నేను చూసింది ఆ కాసేపే.

ప్రాణులు ఒకదానికొకటి ఎలా మేలు చేస్తాయో, ఎలా కీడు చేస్తాయో చెప్పే పాఠం ఒకటి మాకుండేది. పుస్తకంలో దానికి నోరు తిరగని సంస్కృత మాటలు పెట్టారు. ఆయన పుస్తకం మూసేసి బల్ల మీద మూడే మాటలు రాశారు. ఇద్దరికీ మేలయితే పొత్తు. ఒకరికి మేలై, ఇంకొకరికి లాభమూ నష్టమూ లేకపోతే పంచ. ఒకరు బతకడానికి ఇంకొకరు చిక్కిపోతే బదనిక. ఎనుము వీపు మీద నెత్తురు తాగే గోమార్లను ఏరుకు తినే గోరింకది పొత్తు. మా తలల మీద దూలం సందులో గూడు కట్టిన పిచ్చుకది పంచ. మామిడి కొమ్మలో పాతుకుపోయి ఆ చెట్టు రసమే తాగే బదనిక మాకందరికీ తెలిసిందే. పరీక్షలో పుస్తకం మాటలు రాయండి, బతకడానికి ఈ మాటలు పెట్టుకోండి అనేవారు.

పాఠం పంచలో మొదలై చేలో ముగిసేది. ఒక వానాకాలం మమ్మల్ని శనక్కాయ చేనికి తీసుకుపోయి మొక్కలు పీకించారు. వేర్ల నిండా చిన్నచిన్న బుడిపెలు. పురుగు గుడ్లనుకుని మేము పోటీలు పడి గిల్లి పారేశాం. ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నారు. “అయ్యో, మీ ఇంటికి అన్నం తెచ్చినోళ్లని తన్ని తరిమితిరే!” అన్నారు. కంటికి కనబడని జీవులు ఆ బుడిపెల్లో కాపురం ఉండి, గాలిలో ఉన్న సత్తువను చెట్టుకు ఇస్తాయనీ, చెట్టు వాటికి తిండి పెడుతుందనీ చెప్పారు.

నా వంతు చలికాలంలో వచ్చింది. జొన్నచేలో తెల్లటి పూలు కనిపిస్తే కోసి జడలో పెట్టుకుని బడికి వచ్చాను. మా వైపు వాటిని జొన్నమల్లె అంటారు. మల్లె అన్నారు కదా, ఆడపిల్లకు ఇంకేం కావాలి?

“ఏం పాపా, ఎవురి ప్రాణం తల్లో పెట్టుకొని వచ్చినావు?” అన్నారు అయ్యవారు.

మమ్మల్ని మళ్లీ చేనికి నడిపించారు. ఆ పూల మొక్క మొదట్లో గడ్డపారతో తవ్వి, చెంబుతో నీళ్లు పోసి, మన్ను మెల్లగా కడిగారు. మల్లె వేరు పోయి జొన్న వేరును పట్టుకుని ఉంది. పక్క మొక్కలు నడుమెత్తు ఉంటే ఆ జొన్న మోకాటి దగ్గరే ఆగిపోయింది. “పేరు కాదు పాపా, వేరు చూడాల” అన్నారు. ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఊళ్లో ఎవరైనా ఎవరినైనా గొప్పవాడని పొగిడినా అదే మాట, తిట్టినా అదే మాట.

ఆ జొన్న కోతకొచ్చిన రోజుల్లో మా అత్త, అంటే మామ భార్య, ఏదో కోపం మీద “బదనికల మాదిరి పట్టుకున్యారు తల్లీకూతుళ్లు” అంది. అంతకుముందు ఆ మాట అంటే నొచ్చుకుని ఊరుకునేదాన్ని. ఇప్పుడు నాకు దాని అర్థం తెలుసు. మామ ఆ మామిడిచెట్టులా ఎండిపోతాడేమో, అందుకు మేమే కారణమేమో అని నిజంగా భయపడ్డాను. మరునాడు అయ్యవారిని చాటుగా అడిగాను.

“మేము బదనికలమా, అయ్యవారూ?”

ఆయన సుద్దముక్క చేతిలో తిప్పారు. “నన్నెందుకు అడుగుతావు? ఏడు దినాలు చూడు. ఎవురు ఇస్తాండారో, ఎవురు తీసుకుంటాండారో నీకే తెలుస్తాది” అన్నారు.

ఏడు రోజులు చూశాను. కోడి కూయకముందే అమ్మ పేడ ఎత్తేది, పాలు పిండేది, పదిమంది కూలీలకు సంగటి కెలికి చేనికి మోసేది. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే కందులు విసిరేది. అందరూ తిన్నాక అడుగున మాడు గీక్కుని తినేది. ఆ వారంలోనే మా నాన్న చేని జొన్నలు బండ్ల మీద వచ్చి మామ పాతరలో పడ్డాయి. ఆ ఏడు రోజుల్లో మామ అమ్మకు ఇచ్చినట్టు నేను చూసింది ఒక్కటే, “ఇంతసేపా?” అన్న మాట. చూసిందంతా అయ్యవారికి చెప్పాను. “సరే, చూసినావు గదా. మనసులో పెట్టుకో, బయట అనాక” అన్నారు. కానీ తెలిసిన జవాబు దాచడం దొంగతనమని చెప్పిందీ ఆయనే. ఈ రెండు మాటలూ ఒక పదకొండేళ్ల పిల్ల ఎలా మోయాలో ఆయన చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పంచ కడిగి ముగ్గు పెట్టారు. మామ తెల్లపంచె కట్టుకుని, మజ్జిగ చెంబు పక్కన పెట్టించుకుని మంచం మీద కూర్చున్నాడు. బదనికకు ఉదాహరణ చెప్పమన్నారు ఇన్‌స్పెక్టరు. మామిడిచెట్టు మీది బదనిక అని అందరూ ఒకే గొంతుతో అరిచారు. “ఇంకొకటి?” అన్నారాయన. నేను చెయ్యెత్తాను. అయ్యవారికి గొప్ప పేరు తెస్తున్నాననే అనుకున్నాను.

“మా మామ, సార్.”

ఇన్‌స్పెక్టరు పకపక నవ్వి మజ్జిగ తాగారు. మామ కూడా నవ్వాడు. అయ్యవారు ఒక్కరే నవ్వలేదు.

మరునాడు బడి మొదలవగానే మామ స్తంభం పక్కకు వచ్చి నిలబడ్డాడు. “ఏమప్పా అయ్యవారూ, నిన్న పాప చెప్పింది రైటా, తప్పా? పిల్లోళ్ల ముందర చెప్పు. తప్పయితే ఈ పంచ బడిది. రైటయితే ఈ పంచ నాది.”

అయ్యవారు నా వైపు చూడలేదు. బల్ల వైపు తిరిగి, అక్కడ ఏమీ రాసి లేకపోయినా గుడ్డతో తుడిచారు. “తప్పు” అన్నారు.

“ఇనుకుంటివా?” అన్నాడు మామ నాతో. “ఇంక లోపలికి నడువు.”

ఆ ‘లోపలికి’ ఎంత లోతో చెబుతాను. పంచకు ఆనుకుని ఒక కొట్టుగది ఉండేది. ఇనుప ఊచల కిటికీ ఒకటి, అది పంచలోకే తెరుచుకునేది. ఎండాకాలం వస్తూనే విత్తనానికి శనక్కాయలు ఒలిచే పని మొదలయింది. అమ్మా నేనూ ఆ గదిలో బస్తాల మధ్య కూర్చుని ఒలిచేవాళ్లం. వేళ్లు పగిలి మంటలు పుట్టేవి. గోడకు అవతల నా ఈడు పిల్లలు భిన్నాలు చేస్తుంటే, ఇవతల నేను తొక్కలు రాల్చాను. బడి కనబడని ఊళ్లో ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. తొక్కలే రెండు చెవుల్లో కుక్కుకుందామనిపించింది. కిటికీకి వీపు పెట్టి కూర్చునేదాన్ని. తప్పు అన్న ఆ గొంతు వినబడితే ఒళ్లు మండేది.

వారం తిరిగేసరికి నల్లబల్ల స్తంభం దగ్గర నుంచి కిటికీ కిందికి వచ్చింది. ఎండ పడుతోందని అయ్యవారు మామకు చెప్పారట. ఆయన గొంతు కూడా పెద్దదయింది. ప్రతి లెక్కా రెండుసార్లు చెప్పేవారు. ప్రశ్న అడిగి, ఎత్తిన చేతులు కనబడుతున్నా, కాసేపు ఆగి ఆ తర్వాతే ఎవరినైనా లేపేవారు. నాకు ఇవేవీ పట్టలేదు. అమ్మే మోచేత్తో పొడిచింది.

“ఆయప్ప ఎవురికి చెప్తాండాడనుకుంటివి? ప్రతిదీ రెండుతూర్లు చెప్పేదానికి ఆడ కూర్చున్నోళ్లు అంత మొద్దులా?”

“ఆయన తప్పన్నాడు గదా!”

“కోపం ఆయప్ప మీద పెట్టుకో. చెవుల మీద ఎందుకు?” అంది అమ్మ, కాయ చిట్లిస్తూ.

అప్పటి నుంచి ఆయన ఆగినప్పుడల్లా నేను పెదవులతో జవాబు చెప్పుకునేదాన్ని. కోపం తగ్గలేదు. లెక్కలు మాత్రం వచ్చాయి.

మామ చేనికి పోయిన ఒక పూట అయ్యవారు పిల్లలతో ఉక్తలేఖనం రాయించారు. “కడపలో ఆడపిల్లల హాస్టలు ఉన్నది. పున్నమి మరుసటి దినము అచ్చట పరీక్ష ఉన్నది. దరఖాస్తు పోయినది. ఎర్రగుంట్లలో పొద్దున రైలు ఉన్నది. పూర్ణవిరామం.” పిల్లలు నోళ్లు తెరుచుకుని రాసుకున్నారు. కొట్టుగదిలో అమ్మ చేతులు ఆగిపోయాయి. ఆ మాపటికి వాళ్ల అన్నతో, దేవుని కడపలో కడపరాయునికి మొక్కు ఉండాది, పిల్లను తీసుకొని పోవాల అని చెప్పింది. మామ దేనికైనా అడ్డుపడతాడు గానీ మొక్కుకు అడ్డుపడడు. స్వామికి భయపడే మనిషి. మేము గుడికి పోయిన మాట కూడా నిజమే, పరీక్ష రాసిన తర్వాత.

సీటు వచ్చిన ఉత్తరం అయ్యవారు మామకు చదివి వినిపించారు. తిండి, బట్ట హాస్టలువాళ్లే చూస్తారని ఒకటికి రెండుసార్లు చెప్పారు. “పోనీ, ఒక నోరు తగ్గుతాది” అన్నాడు మామ. అమ్మ కూడా వస్తే బాగుండునని నేను నసిగితే మాత్రం మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. “అది పోతే ఇల్లు ఎట్ల జరుగుతాది?” అన్నాడు. ఎవరు ఎవరిని పట్టుకుని బతుకుతున్నారో ఆయన నోటితో ఆయనే చెప్పాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు.

నేను చదివి, టీచరునై, అమ్మను నా దగ్గరకు తెచ్చుకునేసరికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లూ ఆమె ఆ గదిలోనే ఉంది. నేను బయటపడ్డానని ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పటికీ నేను మాట మార్చేస్తాను.

పోయిన ఏడాది ప్రొద్దుటూరులో అయ్యవారిని చూడబోయాను. చెవులు మందగించాయి గానీ మాట గట్టిగానే ఉంది. ఎన్నో ఏళ్లుగా మింగుతూ వచ్చిన మాట అడిగేశాను.

“ఆ పొద్దు తప్పు అని ఎందుకన్నారు అయ్యవారూ?”

“ఆ ఊర్లో ఇంకో పంచ లేకపాయె పాపా. నలభైమంది పిల్లోళ్లు.”

“ఆ నలభైమంది కోసం నన్నొక్కదాన్ని ఇచ్చేసినారు.”

“ఇచ్చేసినా” అన్నారు. సర్ది చెప్పుకోలేదు. “మీ అమ్మ నీకు చెప్పలేదా?” అని అడిగారు. ఏమి చెప్పలేదో నాకు తెలియదు. అమ్మ అప్పటికే పోయి చాలా కాలమయింది.

ఆయనే చెప్పారు. నేను హాస్టలుకు పోయాక కూడా ప్రశ్న అడిగి కిటికీ వైపు ఆగడం ఆయనకు అలవాటైపోయిందట. మరుసటి ఎండాకాలం కొత్త పిల్లలకు బదనిక పాఠం చెబుతున్నారు. మామ మంచం మీదే ఉన్నాడు. “ఇంకొకరి వేరు పట్టుకొని బతికేది ఎవురు?” అని అడిగి, ఎప్పటిలాగే ఆగారట. పిల్లలు చేతులెత్తారు. అంతలో కొట్టుగదిలో నుంచి అమ్మ గొంతు వచ్చింది.

“మేము కాదు, అయ్యవారూ.”

“నాకు నోరెండిపాయె పాపా” అన్నారు ఆయన. “మీ మామ లేచి కూర్చున్యాడు. పిల్లోళ్లు నా మొగమే చూస్తాండారు. ఈసారి నేను తలొంచుకొని బల్ల తుడవలే. కిటికీ పక్కకే తిరిగి, రైటు, అన్యాను. గట్టిగానే అన్యాను.”

“మామ ఏమన్నాడు?”

“ఏమంటాడు? మధ్యాన్నం సంగటి ఎవురు కెలకాల?”

ఆయన నవ్వారు. ముందుకొచ్చిన ఆ పళ్లు రెండో మూడో మిగిలి ఉన్నాయి. నేను నవ్వలేకపోయాను, ఆయన చేతులు రెండూ పట్టుకున్నాను. మామ తువ్వాలు దులుపుకుని చేనికి వెళ్లిపోయాడట. కొట్టుగదిలో శనక్కాయలు ఒలిచే చప్పుడు ఆగిపోయిందట. అది మళ్లీ మొదలయ్యేదాకా అయ్యవారు తరువాతి ప్రశ్న అడగలేదట.