మూఢంలో ఊడ్చిన నేల

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను. ఎందుకంటే చివరిదాకా చదివి "అదిగో, ఆవిడ కూడా దారికొచ్చింది" అని సంబరపడడానికి కొందరు కాచుకుని ఉంటారు. బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీలో రిటైరయ్యేదాకా ఫిజిక్సు చెప్పాను. జాతకాలు చెప్పేవాళ్ళతో, వాస్తు సిద్ధాంతులతో వేదికల మీద వాదించాను. చేతబడి జరిగిందని ఊరంతా వెలేసిన ఇంట్లో ఉండి, అక్కడే వండుకు తిని వచ్చాను.

కాబట్టి భయం వేసి ఇది రాయడం లేదు. కోపం వచ్చి రాస్తున్నాను.

మా అక్క సుగుణ తెనాలిలో ఉండేది. బావ బట్టల కొట్లో గుమాస్తా. అక్క ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పిల్లలు లేరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అద్దె వాటాల్లోనే బతికారు. గోడకి మేకు కొట్టకూడదు. నీచు కౌసు వండకూడదు. చుట్టాలు రెండో రోజు కూడా ఉంటే మోటారు నీళ్ళు ఎక్కువ ఖర్చవుతున్నాయని గొణుగుడు. మా అమ్మా నాన్నల ఫోటో ఏ ఇంట్లోనూ గోడ ఎక్కలేదు, బీరువా మీద గోడకి ఆనుకుని ఉండేది.

అక్కది ఎడం చేతి వాటం. ఎడం చేత్తో అద్దె ఇచ్చిందని ఒక ఓనరమ్మ డబ్బు అందుకోకుండా చేతులు కట్టుకుని నిలబడింది. ఎడం చేత్తో వాకిలి ఊడిస్తే లక్ష్మి వెళ్ళిపోతుందని ఇంకొకావిడ పొద్దున్నే అరిచేది. అక్క చీపురు కుడిచేతిలోకి మార్చుకునేది. ఆవిడ లోపలికి పోగానే మళ్ళీ ఎడం చేతిలోకి తీసుకునేది. మిగతా విషయాల్లో ఎంత సర్దుకున్నా శుభ్రం దగ్గర మాత్రం అక్క మొండి. తను ఊడిస్తేగాని ఊడ్చినట్టు కాదు.

సొంత ఇల్లు కొనుక్కోవాలని చూస్తూనే ఉన్నారు. చీటీ పాడి డబ్బు చేతికి తెచ్చుకునేసరికి, ఇంకో చీటీ వేస్తేగాని అందనంత పెరిగేది ధర. రాజధాని వస్తుందంటే పెరిగింది. రాదంటే తగ్గలేదు. బ్యాంకులో జీతం స్లిప్పు అడిగారు. "బట్టల కొట్లో స్లిప్పులుండవు సార్" అన్నాడు బావ. అయితే లోనుండదన్నారు. అపార్ట్‌మెంటు కట్టే ఆయన సగం బ్లాకులో ఇవ్వమన్నాడు. చెమటోడ్చి దాచుకున్న డబ్బుని నల్లడబ్బుగా మార్చి తెస్తేగాని వీళ్ళు ఇంటివాళ్ళు కారట! ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

నిరుడు అక్కకి రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టింది. లివర్‌కి పాకింది. ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు డాక్టర్లు.

ఏ ఇంటికి?

ఆ వారంలోనే ఓనరమ్మ దానిమ్మపళ్ళు పట్టుకుని వచ్చింది. అక్కని పలకరించి, నన్ను వరండాలోకి పిలిచింది.

"ఏమనుకోకు పద్మా. చదువుకున్నదానివి, నీకు చెప్తే అర్థమవుతుంది. జరక్కూడనిది ఏదన్నా జరిగి, అది ధనిష్ఠా పంచకం అయిందనుకో, ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి. మేం పైన ఉన్నాం. మా కోడలికి ఏడో నెల."

"మీ ఇంట్లో ఎవరూ పోకూడదాండీ?" అన్నాను.

"మావాళ్ళు పోతే అది వేరు. అద్దెకున్నోళ్ళు పోతే ఎలాగమ్మా?"

ఆ మాట అని ఆవిడ నవ్వనైనా లేదు. మంచి మనిషే. ఇరుగుపొరుగుకి పెట్టే చెయ్యి. ఏ నక్షత్రంలో మనిషి ఊపిరి ఆగితే ఇల్లు మైలపడుతుందో ఎవడో చెప్పాడు, ఈవిడ నమ్మింది. చావుబతుకుల్లో ఉన్న మనిషిని మంచి మనిషి చేత దానిమ్మపళ్ళిచ్చి గెంటించగలిగే నమ్మకం గురించి ఇంకా వేదికలెక్కి మర్యాదగా వాదించమంటారా నన్ను?

నాదీ అద్దె ఇల్లే. అక్కని తెచ్చుకుంటానని మా ఓనరుకి చెప్పాను. మర్నాడే ఆయనకి పైపుల రిపేరు గుర్తొచ్చింది.

అక్క మాత్రం నవ్వింది. "చూశావటే, ఇన్నేళ్ళు అద్దె కట్టినా చావడానికి పర్మిషన్ లేదు. అగ్రిమెంటులో రాయించుకోవాల్సింది." తర్వాత, "నా ఇంట్లో పోవాలే నేను. ఎంత చిన్నదైనా సరే" అంది.

అప్పుడు దొరికింది రేపల్లె ఇల్లు. రైలు పట్టాలు అక్కడితో అయిపోతాయి కాబట్టి ధరలు కూడా అక్కడికి వచ్చేసరికి కాస్త అలిసిపోతాయి. స్టేషను దాటి లోపలికి పోతే పాత డాబా. రెండు గదులు, వంటిల్లు, ముందు మట్టి వాకిలి, వేపచెట్టు. అమ్మే ఆయన గుంటూరులో ఉంటాడు. ఏళ్ళుగా మూసి ఉన్న ఇల్లు. తాళంలో కిరసనాయిలు పోసి, బావ, అమ్మే ఆయన కలిసి కుస్తీ పడితే వచ్చింది. లోపల బూడిద పరిచినట్టు దుమ్ము. పక్కింటికి ఆ రోజు తాళం వేసి ఉంది.

అక్క నగలు అమ్మేశారు. చీటీ డబ్బు కలిపారు. అక్క పేరుమీద అగ్రిమెంటు రాసి అడ్వాన్సు ఇచ్చాం. మిగతా డబ్బు బావ దగ్గర సిద్ధంగా ఉంది. అప్పుడు చెప్పాడు అమ్మే ఆయన.

"రిజిస్ట్రేషన్ మూఢం వెళ్ళాకేనండి."

శుక్ర మూఢం. అంటే శుక్రగ్రహం ఆకాశంలో సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి, ఆ వెలుగులో మనకి కనపడకుండా పోయే రోజులు. అంతే. ఆ గ్రహానికి రేపల్లె సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు తెలియదు. మా అక్కా తెలియదు. డబ్బు చేతిలో ఉంది, ఇల్లు ఖాళీగా ఉంది, అమ్మేవాడు ఒప్పుకున్నాడు. అడ్డం శుక్రుడు!

గుంటూరు వెళ్ళి ఆయనతో పోట్లాడాను. బతిమాలాను కూడా. కనీసం తాళం ఇవ్వండి, ఆవిడని తెచ్చి పడుకోబెట్టుకుంటాం అన్నాను.

"రిజిస్ట్రేషన్ కాకముందే అక్కడ ఆవిడకేదన్నా అయితే, తర్వాత మీరు కొననంటే, నా కొంప ఎవరు కొంటారండీ?"

"పోనీ ఒక్కసారి తీయండి, ఊడ్చి కడిగి వస్తాం."

"మూఢంలో గడప కడుగుతారేంటమ్మా!" అన్నాడు, నేనేదో బూతు మాట అన్నట్టు.

చివరికి అక్కని తెనాలిలోనే ఆసుపత్రి జనరల్ వార్డులో చేర్చాం. నక్షత్రం అడగకుండా మనిషిని చావనిచ్చే చోటు అదొక్కటే.

అక్క ఆ ఇల్లు చూడలేదు. మంచం మీద పడుకుని అడిగేది. నేల ఏంటి, గచ్చా? నల్ల బండలక్కా. చల్లగా ఉంటాయిలే. వాకిలి ఎటుంది? తూర్పుకి. వేపాకు రాలుతుందే, రోజూ ఊడవాలి. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని అంది. "నన్ను ముందు గదిలో పడుకోబెట్టండి. ముందు ఊడవండే. దుమ్ములో పడుకోబెట్టకండి. నువ్వూ మీ బావా అంతే, మీకు దుమ్ము కనపడదు."

ఊడుస్తామన్నాను. ఎలా ఊడుస్తాను? తాళం గుంటూరులో ఉంది.

ఒక మధ్యాహ్నం, వార్డులో అందరూ క్యారేజీలు విప్పుకుని అన్నాలు తింటున్న వేళ అక్క పోయింది. పొద్దుట్నుంచే స్పృహలో లేదు. చెయ్యి నా చేతిలోనే ఉంది.

కబురు విన్న ఓనరమ్మ గేటుకి తాళం వేసి పుట్టింటికి వెళ్ళిపోయింది. బావ ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాడు. "ఎక్కడికి తీసుకెళ్దాం పద్మా?" అన్నాడు. ముప్పయ్యేళ్ళు ఊళ్ళో అందరికీ బట్టలు కొలిచి ఇచ్చిన మనిషి, పెళ్ళాం శవాన్ని దించడానికి నాలుగు అడుగుల నేల కోసం నన్ను అడిగాడు.

"మన ఇంటికి" అన్నాను.

అంబులెన్సు వేమూరు మీదుగా వెళ్తుండగా అమ్మే ఆయనకి ఫోన్ చేశాను. "ఇంకా ఇల్లు నాదండి! మూఢం అండి!" అని అరిచాడు. కేసు పెట్టుకోండని ఫోన్ పెట్టేశాను.

పొద్దు వాలకముందే చేరాం. గేటు దగ్గర ఆగగానే పక్కింటావిడ బయటికి వచ్చింది. పేరు చాంద్‌బీ. మేం ఆవిడని అంతకు ముందు చూడలేదు, ఆవిడ మమ్మల్ని చూడలేదు. అంబులెన్సు తలుపులింకా తీయలేదు.

"అయ్యో, ఎవరికండీ? మధ్యాహ్నం వచ్చినావిడకేమన్నా అయిందా?"

ఎవరు వచ్చారన్నాను.

"ఒకావిడొచ్చిందండి. సన్నగా ఉంది, జబ్బు మనిషిలాగా. గేటు తీసుకుని వాకిలంతా చూసుకుంటా నిలబడింది. ఎవరు కావాలమ్మా అంటే, ఈ ఇల్లు మేం కొనుక్కున్నాం, ఊడ్చుకుందామని వచ్చా, చీపురు తెచ్చుకోలా, ఒకసారి ఇస్తారా అంది. ఇచ్చాను. ఎడం చేత్తో ఊడుస్తుంటే, ఏంటమ్మా ఎడం చేతి వాటమా అన్నా. నవ్విందండి. ఇక్కడ ఎవరూ తిట్టరులెండి అంది. నేను లోపలికెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చేసరికి లేదు. చీపురు కూడా లేదు. తీసుకుపోయిందే అనుకున్నా."

బావ గేటు పట్టుకుని నిలబడిపోయాడు. నేను నా అలవాటు ప్రకారం ప్రశ్నలు వేశాను. చీర ఏ రంగు? గుర్తులేదంది. అల్లి చెప్పేవాళ్ళకి చీర రంగు బాగా గుర్తుంటుందని నా అనుభవం. తర్వాత అక్క ముఖం చూసి ఆవిడ "ఈమేనండి" అని ఏడ్చింది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. శవాన్ని చూపించాక పోలిక ఎవరికైనా కనపడుతుంది.

కానీ వాకిలి ఊడ్చి ఉంది. వేపాకు ఒక మూలకి పోగై ఉంది. మట్టి మీద చీపురు గీతలు ఎడమ నుంచి కుడికి తిరిగి ఉన్నాయి. మా అక్క వాకిలి గీతలు నేను చిన్నప్పట్నుంచీ చూశాను.

తాళం తుప్పుతో బిగిసి ఉంది. అంబులెన్సు డ్రైవరు జాకీ రాడ్డు పెట్టి విరగ్గొట్టాడు. తలుపు తోశాం.

గదంతా దుమ్ము అలాగే ఉంది. మధ్యలో మాత్రం, దక్షిణం గోడ దగ్గర్నుంచి ఉత్తరానికి, ఒక మనిషి పడుకునేంత మేర నల్ల బండలు కనపడుతున్నాయి. శుభ్రంగా ఊడ్చి. పక్కన గోడకి చాంద్‌బీ గారి చీపురు ఆనించి ఉంది. పిడికి ఆవిడ కూతురి పాత ఎర్ర రిబ్బను చుట్టి ఉంటే, ఆవిడే చూసి నాదే అంది.

వీధి తలుపు నుంచి అక్కడిదాకా కొత్త అడుగులున్నాయేమోనని చూశాను. నేను చూసేసరికే బావా డ్రైవరూ తొక్కేశారు. అందుకని లేవని ప్రమాణం చేయలేను. పెరటి తలుపు లోపలి గడియ వేసే ఉంది. కిటికీలకి ఊచలున్నాయి.

అక్కని అక్కడే పడుకోబెట్టాం. సరిపోయింది.

చీకటి పడుతుండగా అమ్మే ఆయన కారులో వచ్చాడు. గుమ్మం బయటే ఆగిపోయాడు. "ఇంక దీన్ని మీరే కొనాలి, వేరే ఎవరూ కొనరు" అన్నాడు.

"కొన్నాం కదండీ" అన్నాడు బావ. అంతే అన్నాడు.

నేను ఊరికే ఒప్పుకునే మనిషిని కాదు. ఇంకో ఎక్కువ బేరం కోసం ఆయన వేరే ఆడమనిషికి తాళం ఇచ్చి ఇల్లు చూపించాడని అనుమానించాను. ఆ అనుమానం నిజమైతే నాకెంతో బాగుండేది. గట్టిగా నిలదీశాను. "మూఢంలో అమ్మడమే కాదు, చూపించను కూడా చూపించనండి" అన్నాడు. నమ్మక తప్పలేదు. మా అక్కని చావుబతుకుల్లో బయట నిలబెట్టిన ఆ మూర్ఖత్వమే ఇప్పుడు ఆయన తరఫు సాక్ష్యం.

పోనీ ఎవరో వచ్చారనుకుందాం. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఊడుస్తారా? ఊడ్చినా, గదంతా వదిలేసి ఒక శవానికి సరిపడా ఊడుస్తారా? హేతువాద మిత్రులు చాలా చెప్పారు. దుఃఖం అన్నారు, సామూహిక భ్రమ అన్నారు. దుఃఖం దుమ్ము ఊడవదని నా ఫిజిక్సు.

మూఢం వెళ్ళింది. రిజిస్ట్రేషన్ అయింది, బావ పేరుమీద. ఆ రోజే బావ బజారుకెళ్ళి మేకులు తెచ్చాడు. పెళ్ళయ్యాక వాళ్ళు గోడకి కొట్టిన మొదటి మేకుకి అక్క ఫోటో తగిలించాడు. చాంద్‌బీ గారు చీపురు తిరిగి తీసుకోలేదు. అడిగి తీసుకున్న మనిషి వచ్చి ఇస్తేనే తీసుకుంటానంది.

"ఇప్పుడేమంటారు మేడమ్, ఆత్మలున్నాయా లేవా?" అని వేళాకోళంగా అడుగుతున్నారు కొందరు. వాళ్ళలో శుక్రుణ్ణి నమ్మినవాళ్ళున్నారు, ధనిష్ఠని నమ్మినవాళ్ళున్నారు. ప్రాణమున్న మనిషి ఊడ్చుకోవడానికి ఒక గది అడిగినప్పుడు ఆ మనిషిని నమ్మినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ మధ్యాహ్నం ఆ నేల ఎవరు ఊడ్చారో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తెలియలేదు. మమ్మల్ని ఊడవనివ్వనిది ఎవరో మాత్రం నాకు తెలుసు.