చెల్లికి తప్పిన సూది

ఆ సంస్థలో డాక్టర్లు పదకొండు మంది, గుర్రాలు ఇరవై నాలుగు, వాటిని సాకే బడాయి మామ ఒక్కడే. తను చెప్పందే అక్కడ గుర్రం తోక కూడా ఊపదని ఆయన వాదన. ఐదో తరగతిలో బడి మానేశావట కదా అని ఎవరైనా గిల్లితే, "నేను మానడమేంటి? నీకు చెప్పడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదురా నాయనా అని పంతులే దణ్ణం పెట్టి పంపించాడు" అనేవాడు.

చదువుకున్నవాళ్ళంటే ఆయనకు జాలి. ముక్కు మీద అద్దాలు పెట్టుకుని కూడా, గుర్రం చెవులు వెనక్కి వాల్చిందంటే తన్నబోతోందని కనిపెట్టలేని మనుషులు! అలా తన్నించుకున్న ఓ డాక్టరుగారు గాల్లోకి లేచి, గోడ దాటి, గడ్డివామిలో పడ్డాడనీ, లేచి చూసుకుంటే ఇరవై ఏళ్ళ నడుంనొప్పి మాయమైందనీ మామ చెప్పేవాడు. ఏటా ఆ గోడ ఒక అడుగు ఎదిగేది.

అక్కడ తయారయ్యేది మెదడువాపు జ్వరానికి మందు. చంపేసిన జ్వరం క్రిమిని గుర్రం మెడలోకి సూదితో ఎక్కిస్తారు. గుర్రం ఒళ్ళు దాన్ని శత్రువనుకుని, ఎదుర్కొనే బలం తయారు చేసుకుంటుంది. కొన్నాళ్ళకి కొంత రక్తం తీసి, గడ్డ కట్టాక పైన తేలిన పసుపు నీటిని శుభ్రం చేసి, పరీక్షించి, సీసాల్లో పోస్తారు. దాన్నే సీరం అంటారు. జ్వరం తగిలిన మొదటి రెండు రోజుల్లోపు పిల్లకు ఒక్క సీసా పడితే పదిమందిలో నలుగురు తేరుకుంటున్నారనీ, ఆలస్యమైతే నీళ్ళు ఎక్కించినట్టేననీ, ఇదింకా ప్రయోగాల్లో ఉన్న మందేననీ సీరం చూసే డాక్టరమ్మ చెప్పేది. మామ లెక్కలో మాత్రం పదిమందికి పదకొండుమంది బతికేవారు.

"పదకొండోవాడు ఎక్కణ్ణించి వచ్చాడు మామా?" అని డాక్టరమ్మ నవ్వేది.

"పక్క మంచంవాడమ్మా. వాసనకే లేచి కూచున్నాడు."

ఆ ఇరవై నాలుగింటిలో రెండు ఆడగుర్రాలు ఒక తల్లి బిడ్డలు. ఒకటే ఎరుపు, నుదుట ఒకటే తెల్లచుక్క. వాటిని కన్న తల్లి కూడా తికమకపడుతుందేమో గానీ మామ పడడు. సంస్థకు అవి ఏడో నంబరు, ఎనిమిదో నంబరు. మామకు అక్క, చెల్లి. నంబరు రేకు మెడతాడుకు వేలాడుతుంది. సూది వేసే ఆయన గుర్రం మొహం చూడడు. రేకు చూస్తాడు, సూది పొడుస్తాడు, పుస్తకంలో రాసుకుంటాడు.

అక్క ఒళ్ళు రాయి. సూది పడిన గంటకే దాణా తొట్టిలో తల పెట్టేది. చెల్లి అలా కాదు. సూది పడితే మెడ కొబ్బరికాయంత వాచేది, ఒళ్ళు కాలేది, మూడు రోజులు మేత ముట్టేది కాదు. మామ పక్కనే బకెట్టు బోర్లించుకుని కూర్చుని తడిగుడ్డ వేస్తూ, "ఇంకెన్నాళ్ళే తల్లీ నీకీ ఖర్మ" అని గొణుక్కునేవాడు. గుర్రాలకి అతిగా గారాబం చేస్తావని ఎవరైనా మందలిస్తే, "నా కూతుర్ని ఇంతకంటే గారాబంగా పెంచాను, ఏం చెడిపోయింది?" అనేవాడు.

చెడిపోకపోగా ఆ కూతురే ఇల్లు నడిపేది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట ఇస్త్రీ పని ఆమెది, కొన్ని ఇంటికీ తెచ్చుకునేది. మొగుడు పోయాక ఆరేళ్ళ పిల్లతో తండ్రి దగ్గరే ఉంటోంది. ఆ పిల్ల తాతకు తగ్గ మనవరాలు, పోలీసుల్ని మించిన ఆరా దానిది.

"తాతా, చెల్లి నిన్నెక్కించుకుని మూడు నదులు దూకిందని నిన్న చెప్పావు. ఇవాళ ఐదంటున్నావేం?"

"రాత్రి వాన పడలేదుటే? రెండు కొత్తగా పుట్టాయి."

"అమ్మా, తాత మళ్ళీ కోస్తున్నాడే!"

"కొయ్యనీవే," అనేది ఇస్త్రీ పెట్టె ఆపకుండా కూతురు. "ఆయన కోతలకి కత్తి అక్కర్లేదు, కాలూ చెయ్యీ తెగవు."

తెగేవి కావు, నిజమే. ఆ ఏడాది ఎండలు ముదిరేదాకా.

అప్పటికి చెల్లి మరీ చిక్కిపోయింది. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. రాబోయేది అన్నిటికంటే పెద్ద మోతాదు. మొదటి రోజు ఏడో నంబరుకి, మర్నాడు ఎనిమిదో నంబరుకి. అక్క మొదటి రోజు సూది దులిపేసుకుని మేతలో పడింది. దాన్ని చూస్తూ మామ బుర్రలో ఒక లెక్క మెదిలింది. అక్కాచెల్లెళ్ళ రక్తం చివరికి పోసేది ఒకే పాత్రలో. రెండు బిందెల నీళ్ళు ఒకే తొట్టిలో పోసేటప్పుడు చక్కెర ఏ బిందెలో వేస్తేనేం? తీపి తీపే కదా! ఇంత చిన్న సంగతి పదకొండుమంది డాక్టర్లకు తట్టలేదంటే చదువు మనిషినెంత పాడుచేస్తుందో అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రేకులు మార్చాడు. ఎనిమిదో నంబరు వేసుకుని అక్కే మళ్ళీ వచ్చి నిలబడింది. సూదాయన రేకు చూశాడు, పొడిచాడు, రాసుకున్నాడు. ఆ పూట చెల్లి తొట్టి ఖాళీ చేసి, ఇంకా ఉందా అన్నట్టు మామ భుజాన్ని ముట్టెతో పొడిచింది. మామకు ఏనుగెక్కినంత సంబరమైంది.

రోజులు గడిచి రక్తం తీసేనాటికి రేకులు మళ్ళీ ఎక్కడివక్కడికి చేరాయి. తొమ్మిది రోజుల తర్వాత డాక్టరమ్మ మొహం వేలాడేసుకుని కొట్టం దగ్గరికొచ్చింది.

"ఏడూ ఎనిమిదీ దఫా మొత్తం పోయింది మామా. పరీక్షలో తేలిపోయింది. పాలల్లో సగం నీళ్ళు పోసినట్టుంది. పారబోశాం."

"మొత్తమా అమ్మా?"

"మొత్తమే. మందు ఎక్కడ చెడిందో అంతు చిక్కడం లేదు. మళ్ళీ మొదటినుంచీ రావాలి. మిగతా గుర్రాలు అక్కరకొచ్చేసరికి చలికాలమౌతుంది. ఈలోపు వానలు పడితే జ్వరాలు మొదలౌతాయి. ఐస్‌పెట్టెలో ఉన్నవి నాలుగే సీసాలు."

మామ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. చెబుదామని రెండుసార్లు డాక్టరమ్మ గది మేడమెట్ల దాకా వెళ్ళి, రెండుసార్లూ ఏదో పని గుర్తొచ్చినట్టు తిరిగొచ్చాడు. చెబితే ఉద్యోగం పోతుందని కాదు, చెల్లిని చేతకాని గుర్రమని తోలేస్తారని. పైగా వచ్చే దఫాకు అంతా సర్దుకుంటుంది కదా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

వానలు పడ్డాయి. నాలుగు సీసాలూ నలుగురు పిల్లలకు వెళ్ళాయి. అవి వెళ్ళిన అయిదోనాడు మనవరాలు పొద్దున్న తలనొప్పంది. మధ్యాహ్నానికి ఒళ్ళు పెనంలా కాలింది, రెండుసార్లు కక్కుకుంది. సాయంత్రానికి చూపు ఒక పక్కకి నిలిచిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరు వెన్నులోంచి నీరు తీసి చూసి చెప్పాడు. "మెదడువాపే. మొదటి రోజే తెచ్చారు, అంతవరకు నయం. మీ సంస్థలో సీరం ఉంటే ఇప్పుడే తీసుకురండి."

కూతురు తండ్రి వైపు తిరిగింది. ఆ మొహంలో భయం పక్కకి జరిగి ధైర్యం వచ్చి కూచుంది. "వెళ్ళు నాన్నా, తొందరగా తీసుకురా," అంది. తండ్రి చేతికింద తయారయ్యే మందే కదా!

ఆయన పరిగెత్తాడు. ఏం లేదో తెలిసే పరిగెత్తాడు. డాక్టరమ్మ సంగతి విని ఐస్‌పెట్టె తలుపు తీసి చూపించింది. తెల్లటి అరలు, చలిపొగ.

అప్పుడు చెప్పాడు. రేకులు, చక్కెర, బిందెలు, అంతా. ఊపిరి తీసుకోకుండా చెప్పి, ఆమె చేతులు పట్టుకున్నాడు. "అక్క ఒంట్లో రెండు మోతాదులు ఉన్నాయమ్మా. దాని రక్తం తీసెయ్యండి. ఇప్పుడే తీసెయ్యండి. నేను పట్టుకుంటాను."

డాక్టరమ్మ చేతులు విడిపించుకుని ఐస్‌పెట్టె తలుపు మూసింది. "ఒళ్ళు బిందె కాదు మామా," అంది మెల్లగా. "ఎంత చెయ్యగలదో అంతే చేస్తుంది. రెండోది ఎక్కించినా వృథానే."

"ఉన్నంతే ఇవ్వండి."

"తీసి, వడగట్టి, శుభ్రం చేసి, పరీక్షించడానికి తొమ్మిది రోజులు. గుర్రం రక్తం నేరుగా ఎక్కిస్తే పిల్ల ఆ క్షణంలోనే పోతుంది."

"నన్ను తిట్టండమ్మా. పనిలోంచి తీసెయ్యండి."

ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "సీసా ఉన్నా బతుకుతుందని చెప్పలేను. పదికి నలుగురే మామా."

"ఆ నలుగురిలో నా పిల్ల ఉండకూడదా అమ్మా?"

డాక్టరమ్మ ఫోను అందుకుంది. పక్క ఊళ్ళ ఆసుపత్రులన్నిటికీ ఫోన్లు చేసింది. ఎక్కడా లేదు.

పిల్ల మూడు రోజులుంది. రెండోరోజు ఒకసారి కళ్ళు తెరిచి తాత గడ్డం వైపు చూసింది. గుర్తుపట్టిందని మామ అన్నాడు. లేదని నర్సుకు తెలుసు, కూతురికి తెలుసు. మూడోనాడు పొద్దున్న పోయింది.

వారం గడిచాక, ఇస్త్రీ బల్ల ఎదురుగా నేల మీద కూర్చుని కూతురికి చెప్పాడు.

విని ఆమె అడిగింది. "ఇది కూడా కథేనా?"

"కాదమ్మా."

ఆమె ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి పక్కన పెట్టింది. "సూది పడితే ఆ గుర్రానికి ఎన్నాళ్ళు బాధ?" అంది.

"మూడు రోజులు."

"తర్వాత?"

"తర్వాత తింటుంది."

ఆమె మళ్ళీ ఇస్త్రీలో పడింది. ఆ రోజునుంచి తండ్రితో మాట్లాడ్డం మానేసింది. కంచంలో వడ్డించేది, బట్టలు ఉతికేది, నోరు విప్పేది కాదు. పెద్ద మోతాదు రోజు మళ్ళీ వచ్చినప్పుడు మాత్రం చెప్పకుండా కొట్టానికి వచ్చి గుంజ పక్కన నిలబడింది.

"ఏది?" అంది.

అక్కను చూపించినా ఆమెకు తెలిసేది కాదు. లోకంలో ఎవడికీ తెలిసేది కాదు. మామ వెళ్ళి చెల్లి మెడ మీద చెయ్యి వేశాడు. అది ముట్టె చాపి కూతురి కొంగు వాసన చూసింది, మేత దొరుకుతుందేమోనని. ఆమె వెనక్కి జరగలేదు, నిమరలేదు.

సూదాయన వచ్చాడు, రేకు చూశాడు. మామను పనిలోనే ఉంచిన డాక్టరమ్మ ఆజ్ఞ మేరకు, సరైన గుర్రమేనా అని ఈసారి ఆయన మొహం కూడా చూశాడు. మామ తల ఊపాడు. సూది దిగేటప్పుడు చెల్లి బెదిరి మామ పాదం తొక్కింది. ఆయన తాడు వదల్లేదు. గోరు ఊడి చెప్పంతా రక్తమైనా వదల్లేదు.

కూతురు వెళ్ళిపోలేదు. బకెట్టు బోర్లించుకుని వాచిన మెడ మీద తడిగుడ్డ వేస్తూ కూచుంది. సాయంత్రం లేచి, "రేపొస్తానే," అంది గుర్రంతో. అలా మూడు రోజులూ వచ్చింది. మూడోనాడు చెల్లి తొట్టిలో మూతి పెట్టగానే చేతులు తుడుచుకుని, వెనక్కి చూడకుండా పనికి వెళ్ళిపోయింది.

ఆ దఫా రక్తం పరీక్షలో నెగ్గింది. డాక్టరమ్మ మేడ దిగొచ్చి చెబితే మామ నిజమేనా అని రెండుసార్లు అడిగి, కుంటుకుంటూ ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నెగ్గిందమ్మా," అన్నాడు.

కూతురు దుప్పటి మడత పెడుతోంది. తల ఎత్తకుండా, ఇన్నాళ్ళకి, "ఎన్ని సీసాలు?" అంది.

"పంతొమ్మిది."

మూల మూలకు కలిపి, ఇంకో మడత వేసి, అరచేత్తో అద్దింది.

"మనకి ఒక్కటి చాలేది నాన్నా," అంది.