తాళం వేసిన ఇళ్ళు

మంగళవారం పొద్దున కాలేజీకి బయలుదేరుతుంటే శామీర్‌పేట నుంచి ఫోను వచ్చింది. మా మేడం తమ్ముడు. "అక్క పోయిందమ్మా. పొద్దుగాల లేచింది, చాయ తాగింది, కుర్చీల కూసున్నది. గట్లనే పోయింది" అన్నాడు. గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. కింద ఆటో అబ్బాయి హారన్ కొడుతూనే ఉన్నాడు.

మేడం అంటే మేడ్చల్ వైపు ఒక మెడికల్ కాలేజీలో ప్రజారోగ్య విభాగాన్ని చాలా ఏళ్ళు నడిపిన డాక్టరు. నేను అదే విభాగంలో లెక్కలు చూసేదాన్ని. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాను. ఏ వాడలో ఎంతమందికి బీపీ ఉంది, ఎంతమందికి రక్తం తక్కువగా ఉంది అని సర్వేల్లో వచ్చిన అంకెల్ని తేల్చి చెప్పడం నా పని. నాకు కోపం ఎక్కువ, ఆవిడకు ఓపిక ఎక్కువ. అందుకే ఒకే గదిలో అన్నేళ్ళు నెట్టుకొచ్చాం.

ఆవిడ పని తీరు చెప్పాలంటే ముందు సున్నాల సంగతి చెప్పాలి. ఒకసారి కుత్బుల్లాపూర్ బస్తీల్లో బీపీ చూసి రమ్మని విద్యార్థుల్ని పంపారు. వాళ్ళు తెచ్చిన అంకెలన్నీ నూట ఇరవై, నూట ముప్పై, నూట నలభై. అన్నిటి చివరా సున్నానే. ఆవిడ కళ్ళద్దాలు పైకి నెట్టి, "ఏందిరా ఇది? గుండెను పదులల్లనే కొట్టుకోమని ఎవరన్న జెప్పిన్రా?" అన్నారు. ఎండలో తిరిగి వచ్చామని ఒకడు గునిశాడు. "తిరిగిన్రు, నిజమే. చూడలే" అని మర్నాడు అందర్నీ మళ్ళీ పంపారు. అరవలేదు, తిట్టలేదు. నేనైతే ఇద్దరు ముగ్గుర్ని ఏడిపించేదాన్ని.

ఇంటింటికీ వెళ్ళినప్పుడు ఆవిడ ప్రశ్నలు వేరుగా ఉండేవి. ఉప్పు ఎక్కువ తింటారా అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. ఇంటికొచ్చిన డాక్టరమ్మ మనసు నొప్పించడం ఎవరికిష్టం? అందుకని ఆవిడ చెప్పులు బయట విడిచి, వంటింటి గడప దగ్గర చతికిలబడి, "ఉప్పు ప్యాకెట్ ఎప్పుడు తెచ్చిన్రు? ఎందరు తింటరు?" అని కబుర్లలో పెట్టి రాబట్టేవారు. ఓ రోజు నేను పక్కనుండి నవ్వితే, "నిన్నైతే అడగనే అడగనమ్మా. మీ ఇంట్ల ఆవకాయ జాడీ నాకు గీడికే కనవడ్తాంది" అన్నారు. ఆ ఇంటావిడ కూడా నవ్వింది. నాకు ఉక్రోషం వచ్చింది గానీ, జాడీ పెద్దదే.

ఇక అసలు విషయం. మేడ్చల్ చివర కంపెనీల్లో పనిచేసే వాళ్ళ కాలనీ ఒకటుంది. అక్కడ ఓ చిన్న క్లినిక్‌లో బీపీ చూసి ఉచితంగా మందులిచ్చేవారు. ఆ కాలనీలో బీపీ ఎంతుందో తెలుసుకోవడానికి మేడం ఒక సర్వే చేయించారు. వరసలో ఏయే ఇళ్ళకు వెళ్ళాలో ముందే నిర్ణయించి, ఇంటికి తాళం ఉంటే పక్కింటికి వెళ్ళండని పిల్లలకు ఆవిడే చెప్పారు. ఎక్కడైనా చేసే పనే అది. లెక్కలు నేను కట్టాను. బీపీ చాలా తక్కువమందికే ఉందని తేలింది. అది ఒక వైద్య పత్రికలో అచ్చయింది కూడా. కాలేజీలో స్వీట్లు పంచారు, మేడంకు శాలువా కప్పారు.

ఆ అచ్చు కాగితం చూసే ఆరోగ్య శాఖ అధికారి ఒకాయన, బీపీ లేని చోట బీపీ క్లినిక్ ఎందుకని దాన్ని ఎత్తేసి ఇంకో చోటికి మార్చాలనుకున్నారు. అందుకు మీటింగు కూడా పెట్టారు. ఆయన్నేం తప్పు పడతాం? మేం చెప్పిందే ఆయన నమ్మారు.

మీటింగుకు ముందు ఆదివారం నేను ఇంట్లో ఇడ్లీపిండి రుబ్బుకుంటున్నాను. మేడం ఫోను. "కాలనీల ఉన్న. జల్దీ రా."

"ఆదివారం అండీ ఇవాళ."

"గందుకే రమ్మంటున్న."

గొణుక్కుంటూ వెళ్ళాను. బంధువుల ఇంట్లో నిశ్చితార్థానికి శామీర్‌పేట నుంచి ఆటోలో వస్తూ ఆవిడ మధ్యలోనే దిగిపోయారట. పట్టుచీర, తలలో పూలు, చేతిలో ఇవ్వాల్సిన చీరె సంచి. కుళాయి గట్టు మీద కూర్చుని వీధి చూస్తున్నారు. వీధి నిండా జనం. మటన్ దుకాణం ముందు బారు, గడపల్లో బట్టలు ఉతికే ఆడవాళ్ళు, బండ్లు కడిగే మగవాళ్ళు. మేం వారం మధ్యలో వచ్చినప్పుడు ఇక్కడ ముసలివాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ తప్ప కనిపించేవారు కాదు.

"ఈళ్లందర్ని మనం ఎన్నడన్న చూసినమా?" అన్నారు.

నాకు అర్థమైంది, అర్థమైనందుకే కోపం వచ్చింది. "నా లెక్కలో తప్పు లేదండీ" అన్నాను.

"లెక్కల తప్పు లేదమ్మా. ఇండ్లల్ల తప్పున్నది. తాళమేసిన ఇల్లు ఖాళీ ఇల్లనుకున్న. గా ఇంట్లోల్లు పనికి పోయిన్రు. పనికి పోయేటోల్లను ఇడిసిపెట్టి, ఇంటికాడున్నోల్లను చూసి, కాలనీ మొత్తం మంచిగున్నదని రాసిన. నేనే."

బ్యాగులోంచి బీపీ మిషను తీశారు. నిశ్చితార్థానికి కూడా మిషను పట్టుకొచ్చే మనిషి ఆవిడ.

ఎదురింటి గడపలో ఒకామె కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. మందుబిళ్ళలు చేసే కంపెనీలో ప్యాకింగ్ పని. "నాకేంది మేడం, మంచిగనే ఉన్న" అంటూనే చేయి చాపింది. బీపీ చూసి మేడం మళ్ళీ చూశారు. మూడోసారీ చూశారు. చాలా ఎక్కువ. ఎప్పుడైనా చూపించుకున్నావా అని అడిగితే ఆమె నవ్వింది. "ఎప్పుడు చూపించుకోను? క్లినిక్ తెరిచినప్పుడు నేను డ్యూటీల ఉంట. మా కంపెనీల బీపీ గోలీలే ప్యాక్ చేస్తం మేడం. డబ్బాలకు డబ్బాలు." మేడం నవ్వలేదు. ఆ రోజు నిశ్చితార్థానికీ వెళ్ళలేదు.

మీటింగులో అందరికంటే ముందు ఆవిడే లేచి నిలబడ్డారు. "నా సర్వే తప్పు సార్. తాళాలున్న ఇండ్లను ఇడిసిపెట్టినం. ఆదివారాలు పోయి మళ్ల చేస్త. అప్పటిదాక క్లినిక్ కదిలియ్యద్దు" అన్నారు. అధికారి మెల్లగా, "అచ్చయిపోయింది కదా మేడం. ఇప్పుడు తప్పంటే మీకే మాట వస్తుంది" అన్నారు. నిజానికి మంచికే చెప్పారాయన.

"నాకు మాటొస్తది సార్. గా క్లినిక్ పోతే వాళ్లకు పక్షవాతం వస్తది" అన్నారు మేడం.

నా జీవితంలో అంత గర్వపడిన రోజు ఇంకోటి లేదు. నేను చేసిందేమీ లేకపోయినా సరే.

తర్వాత ఎన్నో ఆదివారాలు మేం ఆ కాలనీకి వెళ్ళాం. పిల్లలు సణిగారు, వాళ్ళకంటే ఎక్కువ నేను సణిగాను. తాళం ఉంటే పక్కింటికి పోలేదు, మళ్ళీ అదే ఇంటికి వెళ్ళాం. ఈసారి వచ్చిన లెక్క పూర్తిగా వేరు. పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చే వాళ్ళలోనే బీపీ ఎక్కువ, అదీ ఉన్నట్టు తెలియకుండా. మేడం ఆ పత్రికకు రాసి, పాత ఫలితం తప్పని తన పేరుతోనే అచ్చు వేయించారు. కాలేజీలో ఈసారి ఎవరూ స్వీట్లు పంచలేదు. ఒకరిద్దరు వెనక నవ్వుకున్నారు కూడా. ఆవిడ పట్టించుకున్నట్టే లేదు. "ఇంకొకలు కనిపెట్టేదాక ఆగుతమా ఏంది" అని మాత్రం అన్నారు. క్లినిక్ ఉన్నచోటే ఉంది. పైగా ఆదివారం పొద్దున తెరవడం మొదలుపెట్టారు. రిటైరయ్యాక కూడా ఆవిడ శామీర్‌పేట నుంచి బస్సు పట్టుకుని ప్రతి ఆదివారం వచ్చేవారు. ఆవిడ వస్తే నేను ఎగ్గొట్టే వీలు లేదు, నేనూ వెళ్ళి, ఆవిడ నేర్పినట్టు బీపీ చూసేదాన్ని.

మొన్న ఆదివారం క్లినిక్‌కు ఒక్కదాన్నే వెళ్ళాను. వరసలో అందరూ నా వెనక్కి చూస్తున్నారు. "మేడం రాలేదా?" అని ప్యాకింగ్ ఆమే అడిగింది. చెప్పాను. ఒక్కసారి చెప్తే సరిపోలేదు, వచ్చినవాళ్ళకల్లా చెప్పాల్సి వచ్చింది.

బీపీ చూసే ముందు మనిషి వెనక్కి ఆనుకుని, కాళ్ళు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. అలా కూర్చోకపోతే వచ్చే అంకెను నమ్మలేం. ఆ అయిదు నిమిషాలు ఈ జనం నోరు కట్టేయడం మేడం తరం కూడా అయ్యేది కాదు. నీళ్ళ ట్యాంకర్ గురించో, కూతురి పరీక్షల గురించో, సూపర్‌వైజర్ గురించో ఎవరో ఒకరు అందుకునేవారు. మొన్న ఎవరికీ మాట్లాడొద్దని చెప్పాల్సిన పని పడలేదు.

ప్యాకింగ్ ఆమె చేతికి పట్టీ చుట్టి చూశాను. మందులు వాడుతూ ఇన్నాళ్ళూ అదుపులో ఉన్నది బాగా పైకి పోయింది. "ఎక్కువున్నదా?" అంది.

"ఇవాళ మనసు బాగాలేదు కదా, ఈ అంకె లెక్కలోకి రాదమ్మా. వచ్చే ఆదివారం మళ్ళీ చూద్దాం" అన్నాను.

పట్టీ విప్పేశాను. ఆమె లేవలేదు. బెంచీ మీద కూర్చున్న వాళ్ళు కూడా ఎవరూ లేవలేదు.