సబ్బవరంలో ఆటో ఎక్కింది నేను కాదు

మా అమ్మ కాలి ఆపరేషన్ బాగా జరిగితే చోడవరం నుంచి సింహాచలం దాకా నడిచి వస్తానని మొక్కుకున్నాను. తోడు వస్తామని ముగ్గురు స్నేహితులు ఈ రోజు తెల్లవారకముందే నాతో బయలుదేరారు. సబ్బవరం రాగానే ముగ్గురూ ఆటో ఎక్కేశారు. నేను ఎక్కలేదు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కొండ కింద ఫోటో దిగి, ‘నలుగురం నడిచి వచ్చేశాం’ అని నా పేరు కూడా కలిపి పోస్టు పెట్టారు సిగ్గులేని వెధవలు. నేను పెందుర్తి చేరకముందే అమ్మ ఫోన్ చేసింది.

"తొమ్మిదికే ఎలా సేరిపోయేవురా? ఆటో ఎక్కేవు కదూ?"

"నేనింకా రోడ్డు మీదే ఉన్నానమ్మా. ఆ ఫోటోలో నేను లేను, సూడు."

"తీసింది నువ్వే కదేటి. దేవుడి దగ్గర అబద్ధాలేటిరా? కాలు కుదురుకోనీ, నేనే నడిసెల్తాను."

మధ్యాహ్నం చేరాక పాదాల బొబ్బలు ఫోటో తీసి పంపాను. కొత్త చెప్పులు కరిచినట్టున్నాయి అంది.

ఈ రోజు సబ్బవరం, పెందుర్తి మధ్య తలకు పసుపు తువ్వాలు చుట్టుకుని, ఒంటరిగా కుంటుతూ, తిట్టుకుంటూ నడిచినవాణ్ణి ఎవరైనా చూసి ఉంటే కింద రాయండి. ఆటోలో వెళ్లినవాళ్లు మాత్రం రాయొద్దు. కామెంట్లు మా అమ్మ చదువుతుంది.