రేడియో మూగబోయిన కాలం

ఆయన్ని అందరూ రేడియో అనేవారు. ఒకసారి మాట మొదలుపెడితే ఆపే మీట ఎవరికీ దొరకదని ఆ పేరు. కొండవాలులో చిన్న ఇల్లు, వెనక రేకుల కొట్టం, అందులో పట్టినన్ని గొర్రెలు. మేపడానికి వెళ్లినచోట మనుషులుండరు కదా అని ఊరుకునేవాడు కాదు. కుంటి గొర్రెను పరామర్శించేవాడు, పొట్టేలును తిట్టేవాడు, వాన పడుతుందా పడదా అని కుక్కతో వాదన వేసుకునేవాడు. సాయంత్రం గట్టెక్కి ఒక్క కేక వేస్తే ఎక్కడెక్కడో మేస్తున్న మంద తలలెత్తి ఆయన వైపు కదిలేది.

ఇక పిల్లలు లేనట్టే అనుకున్నాక రేడియోకూ ఆయన భార్యకూ పాప పుట్టింది. రేడియో తల్లికి కాళ్లు నేల మీద ఆనలేదు. వచ్చినవాళ్లందరికీ మనవరాలి గురించి చెప్పిందే చెప్పేది. "బంగారమమ్మా మా పిల్ల! కుక్క అరవనీ, గిన్నెలు పడనీ, కదిలితే ఒట్టు. వీడు పుట్టినప్పుడు నా ప్రాణం తోడేశాడు. ఇది తాతమ్మలా నిమ్మళం."

ఆ ఏడు ఉన్ని కత్తిరించే రోజున రేడియో తల్లికి జ్వరం వచ్చింది. పాపను చూసేవాళ్లు లేక రేడియో భార్య బుట్టలో పడుకోబెట్టి కొట్టంలోకే తెచ్చుకుంది. రేడియో గొర్రెల్ని పట్టి తేవాలి, ఆమె ఉన్నిలో చెత్త ఏరి చుట్టలు చుట్టాలి. ఉన్ని కత్తిరించే మనిషి బుట్టను చూసి, "మిషన్ మోతకు జడుసుకుంటుందేమోనమ్మా" అన్నాడు. మిషన్ నడిచింది. పాప జడుసుకోలేదు. మధ్యాహ్నానికి ఒక గొర్రె తప్పించుకుని గోడకు ఆనించిన రేకును తన్నింది. అది దభీమని రాళ్ల మీద పడింది. మందకు మంద ఒక్కసారి ఎగిరింది. ఆమె చేతిలో ఉన్ని జారిపోయింది. పాప మాత్రం ఎండలో తేలుతున్న దుమ్ము వైపే చూస్తూ కాళ్లాడిస్తోంది.

ఆ మనిషి మిషన్ ఆపేశాడు. బుట్ట వైపు చూశాడు. ఆమె ఇనప బకెట్ తీసుకుని బుట్ట వెనక్కి వెళ్లి గరిటెతో గట్టిగా కొట్టింది. మళ్లీ కొట్టింది. తర్వాత ముందుకొచ్చి వంగింది. తల్లి మొహం కనబడగానే పాప నోరంతా తెరిచి నవ్వింది. ఆమె అక్కడే ఉన్ని కుప్ప మీద కూలబడింది.

రేడియో ఒప్పుకోలేదు. "నీకేమన్నా పిచ్చా? నేను లోపలికి రాగానే నవ్వుతుంది. నా గొంతు గుర్తుపడుతుంది."

"నిన్ను చూసి నవ్వుతుందయ్యా. వెనకనుంచి పిలిచి చూడు."

ఆ మాట తప్పించుకుని కొన్నాళ్లు తిరిగాడు. ఒక ఉదయం పాప చాప మీద కూర్చుని గుడ్డముక్క నములుతుంటే గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా పిలిచాడు. కాస్త గొంతు పెంచాడు. చివరికి గట్టు మీద వేసే కేక వేశాడు. పెరట్లో గొర్రెలన్నీ తలలెత్తి కంచె దగ్గరికి వచ్చేశాయి. పాప గుడ్డముక్క నములుతూనే ఉంది.

పట్నంలో డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, చెవి లోపలి నరం పుట్టుకతోనే పనిచేయడం లేదని, చెవికి మిషన్ పెట్టినా పెద్దగా లాభం ఉండదని చెప్పింది. "ఇందులో మీ తప్పేం లేదు" అంది. సైగల భాష నేర్చుకోమని, దగ్గర్లోనే ఒక దర్జీ ఆవిడ ఉందని, ఆవిడకూ పుట్టు చెవుడేనని చెప్పింది. రేడియో అన్నిటికీ తలూపాడు.

ఆ రోజునుంచి ఆయన నోరు మూతపడింది. ఇంట్లో అడిగితే ఊ, లేకపోతే ఊహూఁ. మేతలో కేక లేదు. కర్రతో అదిలించి కుక్కతో తోలుకొచ్చేవాడు. పిలుపు వినబడక మంద చీలిపోయేది. ఒక చూలు గొర్రె వెనకబడి వాగు గండిలో ఇరుక్కుంది. మర్నాడు దొరికేసరికి ప్రాణం లేదు. దాన్ని భుజాన వేసుకొచ్చి పెరట్లో దించి, చెయ్యి కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

భార్య వడ్డించలేదు. "దానికి వినపడదు. నాకు వినపడుతుంది. మీ అమ్మకు వినపడుతుంది. ఆ మూగజీవాలకూ వినపడుతుంది. మేమందరం ఏం పాపం చేశామని నోరు కట్టేసుకున్నావు?"

"దానికి చేరని మాట నాకెందుకే?" అన్నాడు తలెత్తకుండా.

"అయితే చేరే మాట నేర్చుకో. నేను ఒక్కదాన్నే పట్నం వెళ్లి నేర్చుకొస్తున్నాను. అదేమన్నా నా ఒక్కదాని పిల్లా?"

తర్వాతి వారం ముగ్గురూ కలిసి వెళ్లారు. దర్జీ ఆవిడ కుట్టుమిషన్ పక్కకు జరిపి వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఆవిడ చేతులతో చెప్పేదాన్ని ఆవిడ చెల్లెలు నోటితో చెప్పేది. రేడియో మోకాళ్ల మధ్య చేతులు దాచుకుని, వేళ్లు రెండంగుళాలు కదిపి, తల్లి, పాలు, నీళ్లు అని చూపించాడు. దర్జీ ఆవిడ మొహం చిట్లించి చేతులతో ఏదో అంది. చెల్లెలు చెప్పడానికి మొహమాటపడింది.

"ఏమంటోందమ్మా?"

"మీ చేతులు గొణుగుతున్నాయట అన్నయ్యా."

రేడియో ఒక క్షణం తెల్లబోయాడు. తర్వాత నవ్వాడు. కళ్లనిండా నీళ్లొచ్చేదాకా నవ్వాడు. భార్య పైట నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

రేడియో తల్లికి మాత్రం ఇదంతా గిట్టలేదు. "నిక్షేపంలాంటి పిల్లను చేతులతో మూగదాన్ని చేస్తున్నారు" అని సణిగేది. అయినా పొయ్యి దగ్గర ఎవరూ లేనప్పుడు మనవరాలికి 'అన్నం' అని తప్పుగా చూపించడం, పిల్ల ఆ ముసలి వేళ్లను పట్టుకుని సరిచేయడం కోడలు చూసి, చూడనట్టు వెళ్లిపోయింది. ఈలోగా మేతలో రేడియో కేక మళ్లీ మొదలైంది. భుజం మీద పిల్ల ఉంటే తండ్రి గొంతు మీద అరచెయ్యి ఆనించి, అది అదిరినప్పుడల్లా మళ్లీ అనమని గుద్దేది.

పాపకు మూడో ఏడు నడుస్తుండగా చలికాలంలో పుట్టిన ఒక గొర్రెపిల్ల లేచి నిలబడలేకపోయింది. రెండు రోజులు పాప వాళ్లమ్మ పక్కన కూర్చుని దానికి సీసాతో పాలు పట్టింది. మూడో ఉదయం కొట్టంలోకి పరుగెత్తుకొచ్చి, తండ్రి మోకాలు తట్టి, చేతులతో అడిగింది. గొర్రెపిల్ల ఎక్కడ?

చావుకు సైగ రేడియోకు తెలుసు. కానీ ఆ బుల్లి మొహం ముందు చేతులు లేవలేదు. గోనె కింద ఉంచిన పిల్ల దగ్గరికి తీసుకెళ్లాడు. పాప దాని చెవి పట్టుకుని చూసింది. పొట్ట మీద చెయ్యి వేసింది. చల్లగా తగిలి చెయ్యి వెనక్కి తీసుకుంది. చెంప కింద అరచేతులు పెట్టి చూపించింది. నిద్ర.

రేడియో తల అడ్డంగా ఊపాడు. నిద్ర కాదు. అప్పుడు దాచకుండా, గొణగకుండా, ఆ సైగ చేశాడు. పాప అర్థం కాక తానూ చేసి చూసింది. ఆయన దగ్గరికి తీసుకోబోతే విడిపించుకుంది. కంచె అవతల అరుస్తూ తిరుగుతున్న తల్లి గొర్రెను చూపించి, దానికి ఏమైందని అడిగింది.

వెతుకుతోంది, అన్నాయి ఆయన చేతులు.

పాప కంచె కింద నుంచి దూరి, ఆ గొర్రె పక్కన గడ్డిలో కూర్చుంది. అది వాసన చూసి మళ్లీ అరిచింది. రేడియో పార తీసుకుని, గుంట తవ్వడానికి కొట్టం వెనక్కి వెళ్లాడు.