కింది బాణం మీద వేలు

మా సంఘంలో అందరం తమ్ముడని పిలిచే అతను ఇప్పుడు హిందూపురంలో ఉంటున్నాడు. తలచుకుంటే మొదట అతని వేళ్లే గుర్తొస్తాయి.

మా పెనుకొండ ప్రార్థన మందిరానికి వచ్చేవాడు. చూపు లేదు. ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడికి ఇంటర్నెట్‌లో వచ్చే ఆర్డర్లు చూసేవాడు. మౌస్ ముట్టేవాడు కాదు. తెరమీది అక్షరాలను ల్యాప్‌టాప్ చదివి అతని చెవిలో వినిపించేది. కీబోర్డు మీద హెచ్ నొక్కితే చాలు, పేజీలో ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకేది. కళ్లున్న నేను ఒక వార్త వెతికేలోగా అతను అన్నీ వినేసి నవ్వేవాడు.

ఒకసారి, ఆదివారం ఆరాధనలో బైబిలు వాక్యం చదువుతానని అడిగాడు. మా సంఘపెద్దకు ఇష్టం లేదు.

"చూసి చదవాలప్పా. వినింది చెప్తే అది చదివినట్ల యెట్లయితాది?"

"ఒక్కసారి ఇచ్చి చూడండయ్యా. బాగలేకుంటే మళ్లీ అడగను."

సంఘపెద్ద సరేనన్నాడు. ఆ వారం చదవాల్సింది వంశావళి. అన్నీ పేర్లే. మాలో ఎవరు చదివినా మధ్యలో కొన్ని వదిలేసి ముగించేవాళ్లం. అతనూ దూకుతాడనుకున్నాను. అతను ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ల్యాప్‌టాప్‌లో కింది బాణం మీట మీద వేలుంచి, ఒక్కో వరుస విని ఒక్కో పేరూ పలికాడు. బెంచీల్లో దగ్గులు మొదలైనా తొందరపడలేదు.

ఆరాధన ముగిశాక సంఘపెద్ద అతన్ని ఆపాడు.

"ఏమప్పా, అంతసేపా? నీ హెచ్ నొక్కి దాటిపోవచ్చు గదా?"

"వార్తలైతే దాటేస్తానయ్యా. దేవుడు పేరు పెట్టి రాయించినోళ్లల్లో ఎవర్ని దాటమంటారు?"

సంఘపెద్ద చేతిలోని బైబిలు తెరిచి తర్వాతి పేజీ చూశాడు.

"వచ్చే వారానికి ఇంకా పేర్లుండాయి. నువ్వే చదువు," అన్నాడు.