ఎవరు పట్టుకున్నట్టు?

ఆ ఆఫీసులో పెద్దాయనకు ఒకటే జబ్బు. ఏది కంటపడినా "దీన్ని ఎవరు పట్టుకున్నట్టు? ఎవరు వదలాలి?" అని అడగనిదే కదలరు. తీసుకున్న మెమరీని రాసినవాళ్లే గుర్తుపెట్టుకుని వదలాల్సిన సి భాషలో ముప్పై ఏళ్లు ప్రోగ్రాములు రాసి రాసి ఒంటికి పట్టిన జబ్బది. ఒకసారి లిఫ్టు తలుపు పట్టుకుని, లోపలివాళ్లందరూ దిగేదాకా లెక్కపెట్టి వదిలారు. తాను ఎక్కడం మరిచిపోయి మెట్లెక్కారు.

కొత్తగా చేరిన అమ్మాయికి మాత్రం నవ్వొచ్చేది కాదు. మూడు నెలలైనా ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అద్దెగదికి వెళ్తే పలకరించేది ఫ్యాను చప్పుడొక్కటే. పైగా ఆమె ప్రోగ్రాము మూడు వారాలుగా రోజూ పదకొండింటికల్లా కంప్యూటరు మెమరీ అంతా మింగేసి కూలబడుతోంది. శుక్రవారంలోగా సరిచేయకపోతే ఉద్యోగం ఉండదని మేనేజరు తేల్చేశాడు.

గురువారం పెద్దాయన కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు.

"ఈ ఆబ్జెక్టు పుట్టినప్పుడు దాన్ని పట్టుకున్నవాళ్ల లెక్క ఎంతమ్మా?"

"ఒకటి సార్."

"ఇంకొకరు కూడా దాన్ని పట్టుకుంటే?"

"ఒకటి పెంచాలి. పనైపోతే తగ్గించాలి. సున్నా అయితే మెమరీ తిరిగిచ్చేయాలి."

"అన్నీ తెలుసు. మరి ఇక్కడ ఫైలు తెరుచుకోలేదనుకో, ఈ ఫంక్షను ఎటు పోతుంది?"

ఆమె చూసింది. ఫంక్షను పట్టుకున్నది వదలకుండానే మధ్యలోంచి బయటికి పారిపోతోంది.

"దర్జాగా గుమ్మంలోంచి వెళ్లేటప్పుడు అందరికీ గుర్తుంటుందమ్మా. దొడ్డిదారిన పోయేటప్పుడే మరిచిపోతారు. దారులన్నీ ఒకే గుమ్మానికి తిప్పు. వదలడం అక్కడ రాయి."

శుక్రవారం పదకొండు దాటింది, పన్నెండు దాటింది. ప్రోగ్రాము నిలబడింది. అయినా మేనేజరు గదిలోంచి అతనూ పెద్దాయనా అనుకునే మాటలు ఆమెకు వినిపించాయి.

"ఇంత చిన్న తప్పుకి మూడు వారాలా? ఈ అమ్మాయిని వదిలేద్దామండీ."

"మీ పట్టు మీరు వదులుకోండి. నాది వదలడానికి మీరెవరు? చేరిన రోజునుంచీ ఆ పిల్ల రాసిన ప్రతి లైనూ చదువుతున్నాను. నాకు కావాలి."

మేనేజరు తల గోక్కుని ఉద్యోగం ఖాయం చేశాడు. ఇన్నాళ్లూ తనను చూస్తున్నవాళ్లు ఒకరున్నారని ఆ అమ్మాయికి అప్పుడు తెలిసింది.

భోజనాల గదిలో మూల బల్ల దగ్గర పెద్దాయన ఒక్కరే కూర్చున్నారు. ఆమె దగ్గరికి వెళ్లి అడిగింది.

"మరి మిమ్మల్ని ఎవరు పట్టుకున్నట్టు సార్?"

అంతవరకూ ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు.

"మా ఆవిడ పోయాక చూస్తే నా లెక్కలో ఇంకా ఒకటుంది, పట్టుకున్నవాళ్లు లేరు. దీన్నే మెమరీ లీకంటారమ్మా" అని నవ్వారు.

ఆమె నవ్వలేదు. ఎదురుగా కూర్చుని డబ్బా విప్పింది.

"ఎప్పుడు వదులుతావో తేల్చుకోకుండా పట్టుకోకూడదమ్మా."

"అది నా లెక్క సార్. మీరు వేలు పెట్టకూడదు."

ఒకరి పట్టును ఇంకొకరు వదిలించకూడదన్నది తాను చెప్పిన రూలే కాబట్టి, పెద్దాయన అన్నం కలుపుకున్నారు.